కొడిమ్యాలలో ఒక మర్తబాను

కరీంనగర్ నుండి జగిత్యాలకు పోయే రహదారిపై గంగాధర చేరువయ్యే సరికి నేల స్వభావం మారుతుంది. అంతవరకు సమతలంగా సాగిన వరిపొలాల నడుమ రాతి గుట్టలు ఒక్కొక్కటిగా తలలెత్తుతాయి. కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట వాటిలో ఒకటి. కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో అక్కడి బండపై చెక్కించిన శాసనంలో తెలుగు కంద పద్యాలు ఉన్నందున సాహిత్య చరిత్రకారులు ఆ గుట్టను తరచు స్మరిస్తారు. మరికొంత దూరం సాగి, పూడూరు వద్ద ప్రధాన రహదారిని విడిచిపెడితే కొడిమ్యాలకు దారి. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు ఇది కరీంనగర్ జిల్లాలోని మండలం. ఇప్పుడు జగిత్యాల జిల్లాలోనిది. ఈ మండలం పేరు రాష్ట్రమంతా విన్నది మాత్రం ఒక విషాద సందర్భంలో. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ దారిలో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించినప్పుడు, వారిలో అత్యధికులు ఇక్కడి పల్లెలవారే. ఆ గుట్టల వరుస ఊరి నుండి కనిపిస్తూనే ఉంటుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఏ వీధిలోనికి వెళ్ళినా గల్ఫ్ దేశాలలో మనిషి లేని ఇల్లు అరుదు. మేము వెళ్ళినది బక్రీద్ పండుగ దాటిన వారంలో. సెలవుపై వచ్చిన యువకులు తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతున్న రోజులవి. ప్రతి ఇంటి వసారాలోనూ తెరిచి ఉన్న ఒక పెట్టె, దాని పక్కన తూకం వేసే కొక్కెం త్రాసు, పెట్టె చుట్టూ తల్లులు చేర్చిన పొట్లాలు. సకినాలు, గారెలు, కారప్పొడి, అన్నింటికంటే ముఖ్యంగా మామిడికాయ తొక్కు. విమానంలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవమూ ముద్దా అనుమతించరు కనుక తొక్కు పెద్ద పెట్టెలోనే పోవాలి. నూనె కారితే బట్టలన్నీ పాడు. అయినా తొక్కు లేకుండా పోయేవాడిని మేము చూడలేదు.

మామిడి ఈ నేలకు సొంతం. జగిత్యాల పక్కనే ఉన్న చల్‌గల్ మామిడి మార్కెట్టు నుండి వేసవిలో లారీలు ఉత్తరాది పట్టణాలకు బయలుదేరుతాయి. పండ్లు లారీలెక్కి పోతాయి. పుల్లని పచ్చికాయలు ఊళ్ళో ముక్కలై, ఉప్పు కారం అల్లం ఎల్లిగడ్డ కలుపుకొని, నూనెలో మునిగి, జాడీలలోకి చేరుతాయి. పైభాగం గోధుమరంగులో, కిందిభాగం మీగడ తెలుపులో నిగనిగలాడే ఆ జాడిని మన పాఠకులలో ఎరుగనివారు ఉండరు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో దీనినే మర్తబాన్ అంటారు.

ఈ మాట వెనుక ఒక సముద్రయానం ఉంది. బర్మాలో మర్తబాన్ అనే రేవు పట్టణం ఉండేది; ఇప్పుడు దానిని మొట్టమ అంటున్నారు. మెరుగుపూత గల పెద్ద జాడీలు ఆ రేవు నుండి ఓడలెక్కి అరబ్బు, పారశీక, భారత తీరాలకు చేరేవి. రేవు పేరే జాడి పేరైంది. 1325లో తాంజియర్ నుండి హజ్ యాత్రకు బయలుదేరి, దాదాపు మూడు దశాబ్దాలు లోకం చుట్టిన ఇబ్నె బతూతా తన యాత్రాగ్రంథంలో ఈ మాటను వాడాడు. చీనాకు పోయే దారిలో తవాలిసీ అనే దేశంలో ఉర్దుజా అనే రాకుమారి అతనికి ఆతిథ్యమిచ్చిందట. స్వహస్తంతో బిస్మిల్లాహ్ వ్రాసి చూపిందట. వీడ్కోలు కానుకలలో నాలుగు మర్తబాన్‌లు కూడా ఇచ్చిందట. వాటి నిండా ఓడ ప్రయాణానికి పనికివచ్చేలా ఉప్పులో ఊరవేసిన అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి! ఆ దేశం ఎక్కడిదో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. కొడిమ్యాల వసారాలో పెట్టె సర్దుతున్న తల్లికి ఆ వాదంతో నిమిత్తం లేదు. దూరప్రయాణికునికి మామిడి ఊరగాయ కట్టి ఇవ్వడమన్నది 700 ఏళ్ళ నాటికే పాత ఆచారమని తెలిస్తే ఆమె సంతోషిస్తుంది, అంతే. ఢిల్లీలో కాజీగా పనిచేసిన రోజులలో కూడా ఇబ్నె బతూతా, రాలిపడిన పచ్చి మామిడికాయలను ఇక్కడివారు ఉప్పులో ఊరవేసుకొంటారని గుర్తుంచుకొని వ్రాశాడు.

మేము దిగినది మసీదు వెనుక సందులో, మా దూరపు బంధువుల ఇంట. ఇంటి ఇల్లాలిని మేము ఖాలా అని పిలుస్తాము. ఆమె అత్తగారు, పిల్లలందరికీ దాదీమా, గత చలికాలంలో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అంతకుముందు వేసవిలో ఆమె తన చేతులతో రెండు జాడీలు తొక్కు పెట్టారు. చిన్న జాడి ఇంటి వాడకానికి. పెద్ద జాడి మనుమని కొరకు. "వాడు వచ్చినప్పుడే దీని మూత తీయాలి" అని వాసెన గుడ్డ కట్టి, అటక కింద చెక్కపీటపై పెట్టించారట. మనుమడు సౌదీలోని హఫూఫ్‌లో పని చేస్తాడు. దాదీమా మరణవార్త అందిన నాడు అతనికి సెలవు దొరకలేదు. జనాజాకు రాలేకపోయాడు. పండుగకు వచ్చినవాడు మొదట ఖబరస్తానుకు పోయి దుఆ చేసి, ఇంటికి వచ్చి ఆ జాడి ముందు కూర్చున్నాడట.

మూత రాలేదు. తండ్రి ప్రయత్నించాడు, రాలేదు. చిన్న తమ్ముడు రోకలిబండ తీసుకొని వచ్చాడు. ఖాలా దానిని అతని చేతిలో నుండి లాక్కుంది. మేము చేరుకునే సరికి ఆ జాడి వసారా మధ్యలో గోనెసంచిపై ఉంది. మనుమని విమానానికి నాలుగు రోజుల గడువు ఉంది.

మెరుగు జాడి మూత ఎందుకు బిగుసుకొంటుందో తెలుసుకోవాలంటే దాని పుట్టుక తెలియాలి. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా వంటి చోట్ల ఈ జాడీలను గట్టి రాతిమట్టితో చేసి 1200 డిగ్రీలకు పైబడిన వేడిలో కాలుస్తారు. పూర్వకాలపు పద్ధతిలో, బట్టీ మంచి వేడి మీద ఉన్నప్పుడు లోనికి ఉప్పు విసిరేవారు. ఉప్పు ఆవిరై మట్టిలోని ఇసుక పదార్థంతో కలిసి గాజు పొరగా మారుతుంది. ఇప్పుడు పూత ద్రవంలో ముంచి కాల్చేవే ఎక్కువ. ఏ పద్ధతిలో చేసినా పూత ఉండని భాగం ఒకటి ఉంటుంది. అది మూతా మూతీ తాకే అంచు. అక్కడ పూత ఉంటే కాల్పులోనే అది కరిగి, మూత జాడికి శాశ్వతంగా అతుక్కుపోతుంది. అందుకని అంచును తుడిచి వదిలేస్తారు. అందమైన జాడిలో ఆ సన్నని వలయం గరుకుగా, వట్టి మట్టిరంగులో కనిపిస్తుంది. ఊరగాయతో పేచీ వచ్చేదీ అక్కడే.

వానకాలంలో గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే ఆ తేమను పీల్చి నీరుకారుతుంది. ఆ ఉప్పునీరు జాడి లోపలి గోడ వెంట పైకి పాకి, పూతలేని అంచులోకి ఇంకుతుంది. చలికాలం వచ్చి గాలి ఆరిపోగానే నీరు పోయి ఉప్పు మిగులుతుంది. అది ఊరికే మిగలక గవ్వతెలుపు పలుకులుగా పెరిగి, మూతకూ మూతికీ నడుమ ఉన్న సందును పూరిస్తుంది. ఇక నూనె. పలుచని పొరగా గాలి తగిలిన నూనె నెలలు గడిచేకొద్దీ జిగురవుతుంది, ఆపై వార్నిష్ వలె గట్టిపడుతుంది. పల్లి నూనెకు ఈ గుణం తక్కువ, నువ్వుల నూనెకు కొంచెం ఎక్కువ, పొద్దుతిరుగుడు నూనెకు మరీ ఎక్కువ. మన పెద్దలు గానుగ నూనె వాడిన రోజులలో మూతలు ఇంతగా బిగుసుకొనేవి కావని ముసలివారు అంటే మేము వారి మాటను కొట్టిపారేయము. తొక్కులో వేడి నూనె పోసి, అది చల్లారకముందే మూత బిగించడం మూడవ కారణం. లోపలి గాలి చల్లారి కుంచించుకుపోయి మూతను లోపలికి లాగుతుంది.

దాదీమా జాడికి ఈ మూడూ కలిసినట్లున్నాయి. వాసెన గుడ్డ విప్పినప్పుడు అది నూనె, ఉప్పు పట్టి తోలు వలె బిరుసెక్కి ఉంది. దాని కింద మూత చుట్టూ తెల్లని కట్టు.

సలహాలకు కొరత లేదు. మరిగే నీళ్ళు పోయమని ఒకరు. రాతిమట్టి పాత్రకు మరిగే నీళ్ళు తగిలితే పగులుతుంది. పగలకపోయినా సందులోనుండి నీరు దిగితే ఏడాది ఊరిన తొక్కు వారంలో బూజు పడుతుంది. చాకు దూర్చి తిప్పమని ఇంకొకరు. చాకు తగిలిన చోట పూత పెచ్చులూడుతుంది. గాజు పెచ్చు తొక్కులో పడితే దానిని వెదికి తీయడం అసాధ్యం, జాడి మొత్తం పారబోయవలసిందే. మూతను పగులగొట్టి జాడిని దక్కించుకోవచ్చునని చిన్నవాడి వాదం. లోపల పడే ముక్కల సంగతి అతను ఆలోచించలేదు.

రెండిళ్ళ అవతల ఒక కుమ్మరి అవ్వ ఉంటుంది. ఇప్పుడు ఆమె ఇంట చక్రం తిరగడం లేదు. పండుగలకు ప్రమిదలు, వేసవిలో నీళ్ళ కుండలు తెప్పించి అమ్ముతారు. ఆమె చేసినవి మెరుగులేని కుండలే గానీ, మట్టి ఏదైనా మట్టే కదా. ఖాలా ఆమెను పిలిపించింది. అవ్వ వచ్చి గోనెసంచి పక్కన కూర్చొని, మొదట మూత జోలికే పోలేదు. వేలి కణుపుతో జాడి పొట్టపై నాలుగు దిక్కులా కొట్టి చెవి పెట్టి విన్నది. గంట వలె మోగితే పగులు లేదన్నమాట. బొంగురుగా పలికితే లోపల కంటికి కనపడని చీలిక ఉందని అర్థం, అప్పుడిక దేనికీ తొందరపడకూడదు. జాడి మోగింది.

"మంచిగున్నది బిడ్డా. గుంజకుండ్రి. తిప్పకుండ్రి. మట్టి సామాను గుంజితె ఇరుగుతది, ఊపితె ఇడుస్తది" అన్నది అవ్వ.

ఎండిన వేపపుల్లతో అంచు చుట్టూ పేరుకున్న ఉప్పును నెమ్మదిగా గీకి, బ్రష్షుతో దులిపించింది. చిన్న గిన్నెలో పల్లి నూనెను వేలు పెట్టగలిగినంత వెచ్చగా కాచి, దూది వత్తితో సందు పొడవునా చుక్కచుక్కగా పట్టించింది. గట్టిపడిన నూనెను నీళ్ళు కరిగించలేవు, మళ్ళీ నూనెయే మెత్తబరచాలి. పైగా లోపలికి ఒక చుక్క దిగినా తొక్కుకు నష్టం లేదు. ఇషా వేళ ఒకసారి, పడుకునే ముందు ఒకసారి పట్టించి, తెల్లవారే దాకా ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి వసారాలో మాటలు జాడి చుట్టూనే తిరిగాయి. రాత్రివేళ పాత్రలపై మూతలుంచమని, మూత లేకుంటే ఒక పుల్లనైనా బిస్మిల్లాహ్ అని అడ్డంగా పెట్టమని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. "మా అత్తమ్మ ఆ హదీసును ఎంత గట్టిగా పాటించిందో చూడండి, మూత మళ్ళీ రావడం లేదు" అన్నది ఖాలా. నెలల తర్వాత ఆ ఇంట అత్తగారి ప్రస్తావనకు అందరూ నవ్వినది అప్పుడేనట.

హఫూఫ్ నుండి వచ్చిన మనుమడు మరొక సంగతి ఎత్తాడు. హఫూఫ్ ఉన్నది అల్ అహ్సా ప్రాంతంలో. అక్కడికి దగ్గరలోనే జవాసా మస్జిదు ఉంది; దైవప్రవక్త (సఅసం) మస్జిదు తరువాత మొట్టమొదట జుమా నమాజు జరిగినది అక్కడేనని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం. అది అబ్దుల్ ఖైస్ తెగవారి మస్జిదు. ఆ తెగ ప్రతినిధులు మదీనాకు వచ్చినప్పుడు దైవప్రవక్త (సఅసం) వారికి విశ్వాసం, నమాజు, జకాతు, ఉపవాసాల గురించి బోధించి, నాలుగు రకాల పాత్రలను వారించారు. సొరబుర్ర, తొలిచిన చెట్టు మొద్దు, తారు పూసిన పాత్ర, హన్‌తమ్. హన్‌తమ్ అంటే పచ్చని మెరుగుపూత గల జాడి! అంటే మన మర్తబాన్ వంశపు పాత్రే. ఖర్జూరం, ద్రాక్ష నానబెట్టిన పానీయం అలాంటి పాత్రలలో గాలి చొరక త్వరగా పులిసి, తాగేవారికి తెలియకుండానే మత్తు పదార్థంగా మారుతుందని పండితులు కారణం వివరించారు. తోలు సంచిలో అయితే పులిసినప్పుడు సంచి ఉబ్బి బయటపడుతుంది. మెరుగు జాడి ఏమీ చెప్పదు. మద్యనిషేధం ప్రజల మనసులలో స్థిరపడిన తరువాత ఆ నిషేధం ఎత్తివేయబడింది. ఏ పాత్రలోనైనా తాగవచ్చు, మత్తు కలిగించేది మాత్రం తాగరాదన్న అనుమతి సహీహ్ ముస్లింలో హజ్రత్ బురైదా (రజి) ఉల్లేఖనంగా ఉంది. ఈ జాడి ఊరగాయకు ఇంత నమ్మకంగా పనికివచ్చేది కూడా ఆ గుణం వల్లనే. గాలిని రానీయదు, వాసన పీల్చదు, పులుపుకు కరగదు.

పులుపు మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక. జాడీలన్నీ ఒక్కటి కావు. తక్కువ వేడిలో కాల్చి సీసం కలిసిన పూత పూసిన రంగురంగుల పాత్రలలో మామిడి, నిమ్మ, వెనిగర్ వంటి పుల్లనివి నిలవ ఉంచితే సీసం కరిగి ఆహారంలోకి దిగుతుంది. అది పిల్లల మెదడుకు హాని. అలంకారానికి కొన్నది అలమారలోనే ఉండనివ్వండి. ముస్లిం శిల్పులు మెరుగుపూతను ఎంత ఎత్తుకు తీసుకుపోయారో చూడాలనుకుంటే బీదర్‌కు వెళ్ళండి. 1472లో కట్టిన మహమూద్ గవాన్ మద్రసా గోడలపై మిగిలిన నీలి, తెలుపు, పసుపు పలకలు చూస్తే, 9వ శతాబ్దంలో బస్రా కుమ్మరులు చీనా పింగాణీకి దీటుగా తెల్లని పూత కనిపెట్టిన నాటి నుండి ఆ విద్య ఎంత దూరం నడిచి మన దక్కనుకు చేరిందో తెలుస్తుంది. తొక్కుకు మాత్రం మొరటు గోధుమరంగు జాడియే మేలు.

ఫజ్ర్ నమాజు ముగించుకొని మగవారు మసీదు నుండి వచ్చే సరికి అవ్వ అరుగు మీద కూర్చొని ఉంది. ఈసారి వేడినీటిలో గుడ్డ ముంచి, చుక్క కారకుండా గట్టిగా పిండి, మూత మీద గాక జాడి మెడ చుట్టూ చుట్టించింది. కారణం అడిగితే నవ్వింది. ఈ జాడి మూతకు అడుగున ఒక వలయం ఉండి జాడి నోటిలోకి దిగుతుంది. కనుక బయటిది మెడ. వేడికి బయటిది పెరగాలి, లోపలిది చల్లగా ఉండాలి. జాడి నోటిపై బోర్లించినట్లు కూర్చునే మూత అయితే మూతనే వెచ్చబెట్టాలి. అయితే రాతిమట్టి వేడికి పెరిగేది అత్యల్పం. 12 సెంటీమీటర్ల నోరు 40 డిగ్రీలు అదనంగా వేడెక్కినా పెరిగేది మిల్లీమీటరులో 40వ వంతుకు అటూ ఇటూ, తలవెంట్రుక మందం కూడా కాదు. అసలు పని చేసేది ఆ వెచ్చదనానికి మెత్తబడే పాత నూనె. అందుకని పది నిమిషాలకొకసారి గుడ్డ మార్చుతూ మూడుసార్లు చుట్టవలసి వచ్చింది. ఓపిక లేనివారికి ఈ పద్ధతి పనికిరాదు.

ఆ పిదప అవ్వ తన కొంగు చాటు నుండి ఒక పాత చెక్క తీసింది. ఒకప్పుడు పచ్చికుండలను తట్టడానికి వాడినదట, పిడి అరిగి నునుపెక్కి ఉంది. దానితో మూత అంచును పైనుండి గాక పక్కనుండి, మేకు కొట్టినట్లు గాక తలుపు తట్టినట్లు, తట్టుతూ జాడి చుట్టూ తిరిగింది. ఒక చుట్టు, రెండు చుట్లు. మూడవ చుట్టులో శబ్దం మారింది. మాకూ వినిపించింది. అంతవరకు జాడీ మూతా ఒకే గొంతుతో పలికాయి. ఇప్పుడు మూత వేరుగా కిటకిటలాడింది.

"ఇగ నువ్వు రా" అని మనుమని పిలిచింది. మూత బొడిపెను పొడిగుడ్డతో పట్టుకొని ముందుకూ వెనుకకూ, ఎడమకూ కుడికీ కొద్దికొద్దిగా ఊపమన్నది. అతను బిస్మిల్లాహ్ అన్నాడు. నాలుగైదు ఊపులకు టక్కుమని చప్పుడైంది. మూత అతని చేతిలోకి వచ్చింది. పైన రెండు వేళ్ళ మందాన నూనె తేలి ఉంది, బూజు జాడ లేదు. మామిడి, అల్లం, ఎల్లిగడ్డల వాసన వసారా దాటి సందులోకి పోయింది. ఆ యువకుడు మూతను ఒడిలో పెట్టుకొని తల వంచుకొని చాలాసేపు కూర్చున్నాడు. ఎవరూ అతనిని పలకరించలేదు. అవ్వ తన చెక్కను కొంగుకు తుడుచుకొంటూ, "ముసల్ది నూనె తక్కువ పోయలే" అన్నది. దాదీమాతో ఆమెకు నలభై ఏళ్ళ స్నేహం.

అన్నం వండి ఉంది, వేడిగానే ఉంది. అయినా ఎవరూ తొక్కు వడ్డించుకోలేదు. మేము ఆశ్చర్యపడ్డాము. ఖాలా భర్త, మేము ఖాలూ అని పిలిచే పెద్దమనిషి, వంటగది త్రాసు తెమ్మన్నాడు.

మరణించిన వ్యక్తి విడిచిపోయినది కొద్దిదైనా గొప్పదైనా వారసుల వాటా నిర్ణీతమేనని దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరాలో స్పష్టం చేసింది. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసీయత్ తరువాత మిగిలినది కుమారునికి ఇద్దరు కుమార్తెల వాటాకు సమానంగా పంచాలి. దాదీమా భర్త, తల్లిదండ్రులు ఆమె కంటే ముందే గతించారు. ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు. ఒకరు కోరుట్లలో, మరొకరు సిరిసిల్లలో. ఆమె పేరిట ఉన్న కొద్దిపాటి బంగారం, మామిడి చెట్లున్న చిన్న జాగా నెలల కిందటే లెక్క ప్రకారం పంచుకున్నారు. జాడి మిగిలిపోయింది. మనుమని కొరకు పెట్టానని ఆమె అన్న మాట ఉంది గానీ, బతికి ఉండగా అతని చేతికి ఇచ్చినది కాదు. మరణానంతరం ఇవ్వదలచినదంటే అది వసీయత్ కిందికి వస్తుందేమో. ఆ మాట విన్నవారు ఎవరు, అది వసీయతా లేక ఊరికే ప్రేమతో అన్నదా? ఖాలూ ఈ ప్రశ్నతో సతమతమై, మూత ప్రయత్నించడానికి ముందే ఇద్దరు చెల్లెళ్ళకు ఫోను చేశాడట. "అందరం పంచుకుందాం భాయ్‌జాన్. మాకూ అమ్మీ చేతి తొక్కే కదా" అన్నారట ఇద్దరూ. మేనల్లునిపై ప్రేమ లేక కాదు.

తొక్కంతా పొడి గిన్నెలోకి తీసి తూచారు. 4 కిలోల 400 గ్రాములు. నాలుగు భాగాలలో రెండు భాయ్‌జాన్‌వి, అంటే 2 కిలోల 200. చెల్లెళ్ళకు చెరి 1 కిలో 100. ఖాలా పొడిగరిటెతో, ముక్కా నూనే సమపాళ్ళలో పడేలా, ఎంతో జాగ్రత్తగా పంచింది. ఒక డబ్బాలో ముక్కలు ఎక్కువయ్యాయనిపించి రెండు తీసి మరొక దానిలో వేసింది. భూముల పంపకాలలో ఆడపడుచుల వాటాను ఎగ్గొట్టే ఇళ్ళను మేము చాలా చూశాము. పెళ్ళిలో కట్నకానుకలు ఇచ్చాము కదా అని నోరు మూయించే అన్నదమ్ములను చూశాము. ఈ ఇంట తొక్కును గ్రాములలో పంచుతుంటే చూడడం మాకు కొత్త.

తన వాటాలోనుండి ఖాలూ ఒక కిలో కొడుకు పెట్టెకు ఇచ్చాడు. అర కిలో అవ్వ ఇంటికి పంపాడు. అప్పుడు అన్నం వడ్డించారు.

జాడిని పంచడం కుదరదు. అది దాదీమా పెళ్ళినాటిదట, పుట్టింటివారు ఇచ్చినది. సిరిసిల్ల చెల్లెలు అడిగింది. కోరుట్ల చెల్లెలు సరేనన్నది. అన్న తన హక్కు వదులుకున్నాడు. ఆమె మరునాడు వేములవాడ మీదుగా బస్సులో వచ్చి తీసుకుపోయింది. పోయేముందు ఖాలా జాడిని కడిగి, ఎండబెట్టి, అంచును ప్రత్యేకంగా తుడిచి ఇచ్చింది. అవ్వ చెప్పిన మాటలను ఆమెకు అప్పగించింది కూడా. తొక్కు పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. మెడ దాకా నింపకూడదు, నాలుగు వేళ్ళ ఖాళీ ఉండాలి. ప్రతిసారీ గరిటె తీశాక అంచును పొడిగుడ్డతో తుడవాలి. మూతకూ మూతికీ నడుమ పలుచని నూలుగుడ్డ ఒక మడత వేస్తే మూత మట్టిని నేరుగా తాకదు. వానకాలంలో నెలకొకసారైనా మూత కదిలించి చూడాలి. ఎవరి కొరకు దాచిపెట్టినా సరే.

మా తిరుగు ప్రయాణం జగిత్యాల మీదుగా కోరుట్లకు. ఆ డబ్బాను మాకే ఒప్పగించారు. స్టీలు డబ్బా, దానిపై ప్లాస్టిక్ సంచి, దానిపై పాత దుపట్టా చుట్టి ముడివేసిన మూట. బస్సులో ఒడిలో పెట్టుకొని కూర్చుంటే పక్కన ఉన్న పెద్దాయన, "తొక్కేనా?" అని అడిగాడు. ఔనన్నాము. మధ్యాహ్నానికి కోరుట్ల చేరాము. తలుపు తీసిన ఇల్లాలు సలాము చెప్పి, మమ్మల్ని కూర్చోమనడానికి ముందే మూట ముడి విప్పి, డబ్బా మూత తీసి, కళ్ళు మూసుకొని వాసన చూసింది. తరువాత లోపలికి తిరిగి కోడలితో, "అన్నం పెట్టు బేటీ, వీళ్ళకూ నాకూ" అన్నది.